మూడో కాగితం వెనకవైపు

ఆ ఏడు తుఫాను పోయాక మా నుకులేవు బడి పైకప్పు అఖాతానికి అవతల, మడచెట్ల మీద దొరికింది. పైకప్పని పేరేగాని, చుట్టచుట్టుకుపోయిన నాలుగు రేకులు. వాటిని పడవలో వేయించుకొచ్చి మా ఇంటాయన వైసాలే కోళ్ళగూటికి కప్పాడు. "ఇక మనవి చదువుకున్న కోళ్ళే, కెలేరా" అన్నాడు నాతో. ఎంత నష్టంలోనైనా ఆయనకో మాట దొరుకుతుంది. పట్నం ఆస్పత్రిలో ఎడమకాలు మోకాలి దాకా తీసేసిన రోజున కూడా అంతే. "నా కాలు ముందెళ్ళి శ్మశానంలో చోటు పట్టింది. తొందరేం లేదు, మిగతా నేను నెమ్మదిగా వస్తా" అన్నాడు. నర్సు నవ్వలేక చచ్చింది. చక్కెర జబ్బు. మా దీవుల్లో అది లేని ఇల్లు చూపించండి, మీకో పందిపిల్లనిస్తాను.

నేను చదివింది ఆ బడిలోనే, నాలుగో క్లాసు దాకా. అయిదులోకి వెళ్ళాల్సిన ఏడు మా అమ్మకి కవలలు పుట్టారు, వాళ్ళని ఎత్తుకోడానికి నేను కావాల్సొచ్చాను. ఆ కవలలిద్దరూ ఇప్పుడు తాతలు. బడి మానేశానన్న మాటేగాని, నేను బడికెళ్ళని రోజు లేదు. పొద్దున్న పదింటికి పిల్లలకి నిమ్మాకు టీ కాచి పోసేది నేనే. చక్కెర వెయ్యవా అంటే వేస్తాను. మునుపు దోసెడు వేసేదాన్ని. ఇంటాయన కాలు పోయాక గుప్పెడు చేశాను. పిల్లలు వారం రోజులు మొహాలు ముడుచుకున్నారు, తర్వాత మర్చిపోయారు.

తుఫాను తర్వాత బడి తెల్లగుడ్డ డేరాలోకి మారింది. ఎండెక్కితే లోపల పిల్లలు ఉడికిన చేమదుంపల్లా ఉండేవాళ్ళు. విద్యాశాఖ ఆఫీసరొకాయన పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి చూశాడు.

"పైకప్పు పోయిన బళ్ళు చాలా ఉన్నాయమ్మా. మీ వంతు రావాలంటే ఏడాదిన్నర. రెండో టర్ము మొదలయ్యేసరికి పిల్లల నెత్తిన రేకుండాలి. లేకపోతే అందర్నీ అవతలి గట్టున హాస్టలు బడికి మార్చేస్తాం" అన్నాడు. మంచివాడే. మేం పెట్టిన చేప తింటూ తలొంచుకుని చెప్పాడా మాట.

మా మనవరాలు లీటియాకి అప్పుడు ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ ఇంకో దీవిలో హోటల్లో పక్కలు పరిచే పనిలో ఉంది, పిల్ల నా దగ్గరే పెరిగింది. నా చెవితమ్మె పట్టుకుంటేగాని దానికి నిద్రరాదు. హాస్టల్లో ఎవరి చెవి పట్టుకుంటుంది? అదడిగాను ఆఫీసర్ని. ఆయన చేపముల్లు ఏరుకుంటూ కూర్చున్నాడు, ఇంకో ముక్క వేశాను పాపం.

వైసాలే మాత్రం బడి పైకప్పు నుంచి ఊడిపడ్డ చెక్కలు నాలుగు ఏరుకొచ్చి, ఒంటికాలి మీద కూర్చుని, లీటియాకి హాస్టలు పెట్టె చెయ్యడం మొదలెట్టాడు. ఆయన జోకు వెయ్యకుండా మొదలెట్టిన పని నా ఎరుకలో అదొక్కటే.

*

మా హెడ్‌మాస్టరు తానియేలా నాకు కొడుకు వరస. ఆ కుర్రాడు పైకప్పుకి సాయం చెయ్యమని ఏవేవో కంపెనీలకి ఉత్తరాలు రాశాడు. ఒక్క కంపెనీ పలికింది. టింగో అని, నారింజరంగు కూల్‌డ్రింకు. నారింజకాయకీ దానికీ చుట్టరికం లేదు, రంగొక్కటే.

ఆ కంపెనీ తరఫున ఇసిరేలి అనే అబ్బాయి పడవ దిగాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. నారింజరంగు చొక్కా, నారింజరంగు టోపీ. మా ఊళ్ళో టోపీ పెట్టుకుని ఎవరూ నడవరు, ఊరిని అవమానించినట్టు. అది పోనీ అనుకుంటే, ఊరిపెద్ద ఇనోకే ముందు పెట్టాల్సిన, మేం దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోన వేర్ల కట్ట కూడా తేలేదు. పొరుగూరివాడెవడైనా ఆ కట్ట ముందుపెట్టి, నేను ఫలానా ఊరివాణ్ణి, ఫలానా పనిమీద వచ్చాను అని చెప్పుకుంటేనే మేం చప్పట్లు చరిచి రానిస్తాం. ఈ అబ్బాయి కట్టకి బదులు డ్రింకు సీసాల పెట్టె తెచ్చి చాపమీద పెట్టి, "గుడ్ మార్నింగ్" అన్నాడు.

మా ఆడబిడ్డ టోరికా నా చెవిలో, "వదినా, వీడు మనిషా, సీసా మూతా?" అంది.

ఇనోకే మాత్రం కళ్ళు మూసుకుని, సీసాల పెట్టెకే మూడు చప్పట్లు చరిచాడు. అవసరం మనది కదా మరి.

ఆ రోజు అబ్బాయి పిల్లల చేతికి తలో సీసా ఇచ్చి ఫోటోలు తీశాడు. లీటియాని డేరా ముందు నిలబెట్టి, "తాగమ్మా, నవ్వుతూ తాగు" అన్నాడు. అది మూడు సీసాలు తాగింది, నవ్వమన్నంత నవ్వింది. దాని వెనకాల బల్లమీద వైసాలే కూర్చుని పెట్టెకి చిత్రిక పడుతున్నాడు. కర్ర పక్కన ఆనించి ఉంది.

వారం తిరక్కుండా కాగితాలొచ్చాయి. తానియేలా ఊరందర్నీ కూర్చోబెట్టి చదివాడు. మొదటి కాగితంలో బడి పేరు, ఊరిపేరు. రెండోదాంట్లో, గోడలన్నీ నారింజరంగు, పిల్లల చొక్కాలమీద టింగో బొమ్మ, పుస్తకాల గది, దాని తలుపుమీద టింగో పేరు. మూడోదాని తలకాయమీద సీసా బొమ్మ ఉంది. దాన్ని చదువుతుంటే తానియేలా గొంతు కొంచెం తగ్గింది. "బడి ఆవరణలో టింగో తప్ప వేరే ఏ పానీయమూ ఇవ్వరాదు. వారానికి అయిదు రోజులూ ప్రతి పిల్లవాడికీ ఒక సీసా ఉచితం."

"ఉచితమా!" అన్నారు పిల్లల తల్లులు.

"వేరే పానీయమంటే?" అన్నాను నేను.

"అంటే... నిమ్మాకు టీ కూడా పిన్నీ."

అందరూ నావైపు చూశారు. నా టీ పోతే పోయింది. నిమ్మచెట్టుకి తుఫాను ఒక్క ఆకు మిగల్చలేదు, ఆ నెల నేను పోస్తున్నది ఉత్త వేణ్ణీళ్ళే. రోజుకో సీసా, వారానికి అయిదు, ఎనిమిదేళ్ళ పిల్లకి. నేను వైసాలే వైపు చూశాను. ఆయన ఉన్న కాలు చాపుకుని, లేని కాలి చోట చాప నిమురుతున్నాడు.

"పైకప్పు సంగతి?" అన్నాడు ఇనోకే.

"అది కూడా ఇస్తారు, రాశారు" అన్నాడు తానియేలా, కాగితాలు మడుస్తూ.

ఇంకేం అడుగుతాం? ఇంటికొచ్చి లీటియా జుట్టు దువ్వుతుంటే, "బామ్మా, హాస్టల్లో కూడా టింగో ఇస్తారా?" అంది. తల గట్టిగా లాగానని ఏడ్చింది.

*

సంతకాల రోజున ఇసిరేలి మళ్ళీ వచ్చాడు. ఈసారి టోపీ లేదు. చంకలో యంగోన కట్ట ఉంది. తర్వాత తెలిసింది, మొదటిసారి వచ్చి వెళ్ళిన సంగతి చెబితే వాళ్ళ నాన్న చెప్పు తీసుకున్నాడట. "కట్ట లేకుండా ఒక ఊళ్ళో అడుగుపెట్టావా, నన్ను పాతేసి రావాల్సింది!" అని.

ఇనోకే ముందు మోకాళ్ళమీద కూర్చుని, కట్ట పెట్టి, బట్టీపట్టిన మాటలు ఒక్కొక్కటే అప్పజెప్పాడు. పట్నంలో పుట్టినవాడు, చెమటలు కక్కుతున్నాడు. "నేను ఇసిరేలిని. మా నాన్నగారి ఊరు... దెలైవాటు."

ఆ పేరు చెవిన పడిందో లేదో, టోరికా కేక పెట్టింది చూడండి, చెట్లమీద కాకులు లేచిపోయాయి.

దెలైవాటు వాళ్ళూ మేమూ ఒకే మూలపురుషుడి బిడ్డలం. మా ఆనవాయితీ ప్రకారం వాళ్ళలో ఎవడైనా మాకు బావే, ఎవతైనా మరదలే, వయసుతో పనిలేదు. బావ కనిపిస్తే తిట్టొచ్చు, నీళ్ళు పొయ్యొచ్చు, ఒంటిమీదున్నది ఒలుచుకోవచ్చు. వాడు నవ్వాలేగాని ఏడవకూడదు. తీసుకున్నది తిరిగి అడక్కూడదు. వాడి వంతు వచ్చినప్పుడు వాడూ మన ఇంట్లో కావాల్సింది ఎత్తుకుపోవచ్చు, మనం కిక్కురుమనకూడదు. మా ఊరికి దెలైవాటు మనిషి వచ్చి పదకొండేళ్ళయింది. ఆడవాళ్ళ చేతులు ఎంత దురద పెడుతున్నాయో మీరే ఊహించుకోండి.

"దొంగ బావా! పోయినసారి దాక్కుని వచ్చావురా!" టోరికా బిందెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. ఇంకెవరో మొహాన పౌడరు డబ్బా ఒంపారు. బూట్లు పోయాయి. చొక్కా నేనే లాగాను.

"అయ్యో, అది కంపెనీ చొక్కా!" అన్నాడు ఇసిరేలి, నవ్వుతూ, వణుకుతూ.

"నువ్వు కూడా కంపెనీవాడివేనా, దెలైవాటు వాడివా? ముందది తేల్చుకో!"

"మరదలా, నీకు అరవయ్యేళ్ళుంటాయి, సిగ్గులేదూ?"

"అరవయ్యారు. సిగ్గు నలభైలోనే అయిపోయింది బావా. పట్నం మొహమూ నువ్వూను, పిండిలో పొర్లిన కప్పలా ఉన్నావు!"

పిల్లలు కిందపడి నవ్వుతున్నారు. ఇనోకే లాంటి పెద్దమనిషి కూడా గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. అబ్బాయి సంచి చాపమీద పడి ఉంది. నేను అందులో చెయ్యి పెట్టాను. కాగితాలు చేతికొచ్చాయి. మొదటిది వదిలేశాను, రెండోది వదిలేశాను. సీసా బొమ్మ ఉన్నది లాగాను.

"ఇది నాకు కావాలి బావా."

"అది కాగితం మరదలా. దాన్నేం చేసుకుంటావు?"

"నా ఇష్టం. తీసుకున్నాను."

అప్పటికింకా అబ్బాయి మొహంమీద నవ్వు ఉంది, పౌడరు కింద. నేను నవ్వట్లేదని గమనించాడు. నా భుజం మీదుగా వైసాలేని చూశాడు, ఆయన కర్రని చూశాడు. తర్వాత, వాళ్ళ నాన్న నేర్పినట్టే, అరచేతులు గుల్లగా పెట్టి మూడుసార్లు చప్పట్లు చరిచాడు. అంటే ఇచ్చేసినట్టు. కాగితం మడిచి జాకెట్లో దోపుకున్నాను. తలతుడుచుకోడానికి ఎవరో తువ్వాలు ఇచ్చారు.

ఆ రోజు సంతకాలు జరగలేదు. కాగితం తక్కువైతే సంతకాలేమిటి? టోరికా వాళ్ళాయన పాత పూలచొక్కా వేసుకుని, బూట్లు లేకుండా పడవెక్కాడు ఇసిరేలి. గట్టుమీద నిలబడి ఊరంతా చెయ్యూపింది.

పడవ దూరమయ్యాక తానియేలా నా పక్కకొచ్చాడు.

"పిన్నీ, ఆ కాగితం ఒకసారి ఇవ్వు."

ఇచ్చాను. వెనక్కి తిప్పి చూపించాడు. వెనకవైపు కూడా అక్షరాలున్నాయి.

"వీళ్ళు రెండువైపులా అచ్చు వేస్తారు పిన్నీ. ముందువైపు డ్రింకు. వెనకవైపు ఏముందో తెలుసా?"

"చెప్పు."

"రేకులు. మేకులు. నీళ్ళ ట్యాంకు. పైకప్పంతా ఇందులోనే ఉంది."

మా కాలంలో పుస్తకంలో ఒకవైపే రాసేవాళ్ళం, సిరా అవతలికి దిగుతుందని. కాగితానికి వెనకవైపు ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

"తిరిగి పంపేద్దాం" అన్నాను.

"బావ దగ్గర తీసుకున్నది తిరిగి ఇస్తామా?" అన్నాడు వాడు. ఇవ్వకూడదు. వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇస్తే వాళ్ళ ఊరిని చుట్టరికం నుంచి వెళ్ళగొట్టినట్టు.

*

ఆరు వారాలు. కంపెనీ నుంచి ఒక్క ఉత్తరంముక్క లేదు, ఫోను లేదు.

ఊళ్ళో ఎవరూ నన్ను మొహంమీద అనలేదు. చేపలకి వెళ్తే నా పక్కన నిలబడేవాళ్ళు మాత్రం తగ్గారు. ఒక తల్లి మాత్రం నీళ్ళ కుళాయి దగ్గర, నాకు వినపడేలా, "కొందరికి సరదా, మన పిల్లలకి హాస్టలు" అంది. బిందె ఎత్తుకుని వచ్చేశాను. టోరికాకి మాత్రం ఊరుకోవడం చేతకాదు. "నీ కొడుక్కి పళ్ళున్నాయా లోపల, తీపికి అన్నీ రాలిపోయాయా?" అని వెనక్కి తిరిగి అడిగేసి వచ్చింది.

ఆ నారింజ చొక్కా వేసుకునే పీతలకి వెళ్ళేదాన్ని. ఇంకేం చెయ్యను, గట్టి గుడ్డ. వీపుమీద టింగో అని రాసి ఉంటుంది. "కంపెనీకి నీ అంత ప్రచారం ఎవరూ చెయ్యలేదే" అనేవాడు వైసాలే. ఆ మాట అంటూనే పెట్టెకి బందులు బిగించేవాడు. మూతమీద లీటియా పేరు తెల్లరంగుతో రాశాడు. చిన్న తాళం కొన్నాడు. రెండు దుప్పట్లు, దోమతెర, కంచం, కప్పు, సబ్బుపెట్టె, ఒక్కొక్కటే నేను లోపల సర్దాను. లీటియా తాళంచెవి తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని, ఊరంతా తిరిగి చూపించుకొచ్చింది. పడుకునేటప్పుడు మాత్రం నా చెవి రెండుచేతులతో పట్టుకునేది.

నిమ్మచెట్టు చిగురు పెట్టింది. మొదటిసారి కోసిన ఆకు పదిమందికి సరిపోయింది, మిగతావాళ్ళకి వాసన చూపించాను.

టర్ము మొదలవడానికి ఇంకో ఎనిమిది రోజులుందనగా, మధ్యాహ్నం పోటుమీద పెద్ద పడవొకటి అఖాతంలోకి తిరిగింది. దాని నడుమ ఏదో భగ్గున మెరుస్తోంది. మంటేమో అనుకున్నాను. నారింజరంగు రేకులు. వాటిమీద, పూలచొక్కా వేసుకుని, ఇసిరేలి.

ఊరంతా నడుంలోతు నీళ్ళలోకి దిగింది. నేను గట్టుమీదే నిలబడిపోయాను. వాడే నా దగ్గరికొచ్చాడు.

"ఏం మరదలా, నోరు పడిపోయిందా?"

"ఆ కాగితం మా దగ్గరే ఉందిగా బావా. మరి రేకులెలా వచ్చాయి?"

"మళ్ళీ అచ్చు వేయించా. ఈసారి వెనకవైపు ఒక్కటే వేయించా."

"మీ పైవాళ్ళు ఒప్పుకున్నారా?"

"మా మేడమ్ మొదట అరిచింది. ముందువైపు ఏదీ అంది. మా మరదలు ఎత్తుకుపోయింది, అడగడానికి వీల్లేదు అన్నా. పిచ్చా అంది. నెలరోజులు ఫైలు పక్కన పడేసింది." చెప్పులేని కాలితో ఇసుక తోస్తూ నిలబడ్డాడు. "తర్వాత ప్రచారానికి ఫోటోలు తెమ్మంది. మీ లీటియా ఫోటో ఇచ్చా. పిల్ల సీసా ఎత్తి తాగుతోంది, బాగా వచ్చింది. వెనకాల మీ ఆయన పడ్డారు, కర్రా అదీ."

నేను గట్టు చివర కర్రకి ఆనుకుని నిలబడ్డ వైసాలే వైపు చూశాను.

"ఆ కాలెందుకు పోయిందని అడిగింది, చక్కెర జబ్బని చెప్పా. ఇది వాడుకోవడానికి కుదరదు అంది. ఇంకోటి లేదన్నా. అప్పుడు సంతకం పెట్టింది. పుస్తకాల గది మాత్రం కొట్టేసింది మరదలా, చొక్కాలు, గోడల రంగు కూడా. పేరు ఉండాలి అంది. ఎక్కడ పెట్టమంటావు అంటే, నేనే చెప్పా, పైకప్పుమీద, ఎంత పెద్దగా కావాలంటే అంత."

"పైకప్పుమీదా? ఎవరు చూస్తారు?"

"విమానాల్లో పోయేవాళ్ళు చూస్తారని చెప్పా."

"మా మీదుగా విమానాలెక్కడివి బావా? గబ్బిలాలు తప్ప."

"ఆ సంగతి మేడమ్ అడగలేదు" అన్నాడు.

రేకులు వాళ్ళవి, చేతులు మావి. నాలుగు రోజుల్లో ఎక్కించేశాం. గోడలు తెల్లగానే ఉన్నాయి, బడి పేరు బడిదే. ఎండలో ఆ పైకప్పు చూడాలంటే కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకోవాలి. ట్యాంకుమీద కూడా టింగో అని ఉంది, లోపలున్నవి వాననీళ్ళు. నాలుగోరోజు ఆఫీసరొచ్చి తలెత్తి చూసి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఈసారి చేప తలెత్తుకుని తిన్నాడు.

ఆయన పడవ వెళ్ళగానే ఇసిరేలి చేతులు దులుపుకుని లేచాడు. "ఇప్పుడు నా వంతు" అన్నాడు.

తిన్నగా మా ఇంట్లోకి నడిచాడు. ఊరు ఊరంతా గుమ్మంలో మూగింది. బావ ఏం ఎత్తుకుపోతాడా అని. గోడగడియారం వైపు చూశాడు. రేడియో వైపు చూశాడు. నా గుండె టీ కెటిల్ దగ్గర ఆగింది.

"ముసలాణ్ణి పట్టుకుపో బావా, మా వదినకి కాస్త తీరిక దొరుకుతుంది" అంది టోరికా.

"ఒక కాలు తక్కువే, బరువుండను" అన్నాడు వైసాలే.

ఇసిరేలి వెళ్ళి గుమ్మం పక్కనున్న పెట్టె దగ్గర కూర్చున్నాడు. తాళం వెయ్యలేదింకా, మూత తెరిచాడు. దుప్పట్లు రెండూ తీసి చాపమీద పెట్టాడు. దోమతెర తీశాడు. కంచం, కప్పు, సబ్బుపెట్టె. అన్నీ వరసగా, పగిలేవాటిలా పెట్టాడు. ఖాళీ పెట్టె మూతవేసి, భుజానికెత్తుకుని, రేవువైపు నడిచాడు.

వైసాలే నోరు తెరిచాడు. ఆయనకి మాట దొరకలేదు.

బయట గవ్వలాడుతున్న లీటియా చూసేసింది. "బామ్మా! పెట్టె! నా పెట్టె పట్టుకుపోతున్నాడు!" అంటూ వెంటపడి చొక్కా పట్టుకుంది. "అది నాది! హాస్టలుకి కావాలి!"

ఇసిరేలి నీళ్ళలో ఆగి, తలతిప్పి చూశాడు. "ఏ హాస్టలు?"

పిల్ల వాడి మొహం చూసింది. వెనక్కి తిరిగి బడి పైకప్పు చూసింది, నన్ను చూసింది. నేను ముక్కు తుడుచుకుంటున్నాను, అందుకని చెయ్యి ఊపలేకపోయాను. చొక్కా వదిలేసింది.

పడవ మోటారు పలికాక, మెళ్ళో తాడు తెంపుకుని, మోకాలిలోతు నీళ్ళలోకి పరిగెత్తి, తాళంచెవి వాడిమీదకి విసిరింది.

"ఇది లేకుండా తాళమేస్తే మళ్ళీ ఎలా తీస్తావురా, తిక్క బావా!"